రంగులవాడి చేతిమీద ఆకుపచ్చ మరక

మధ్యాహ్నం మూడూ పది. ఈజిప్టులోని అస్వాన్‌లో హాజ్జా తఫీదా ఇంటి వెనకగదిలో పెట్టె మూత తెరిచి ఉంది. పెళ్లికూతురి ఆరు బంగారు గాజులూ లేవు. పెట్టెమీద చల్లారబెట్టిన కర్కదే కూజా బోర్లా పడి, గోగుపూల ఎర్రనీళ్లు గదంతా పారాయి.

ఐదు కావస్తోంది. ఇన్‌స్పెక్టర్ షెర్బీనీకి తల పగిలిపోతోంది. ఇంటినిండా చుట్టాలు. ఒక ప్రశ్న అడిగితే పది ఒట్లు.

"కూజా ఒలికిందంటే దొంగమీద పడే ఉంటుంది. ఎర్రమరక ఎవరిమీదుంది?"

"ఇంకెవరిమీద? నగాత్ మీదే!" హాజ్జా వేలు చూపింది.

నగాత్ పెళ్లిళ్లలో కర్కదే కాచిపోసే వితంతువు. "పొద్దుట్నుంచీ పోస్తున్నదాన్ని, మరక పడక మల్లెపూలు పడతాయా? ఇన్‌స్పెక్టర్ బాషా, ఒక్కసారి స్టేషన్ మెట్లెక్కితే ఇంక ఏ ఇంటివాళ్లూ నన్ను పిలవరు."

"మూడింటికి ఎక్కడున్నావ్?"

"వంటింట్లో."

"చూసిందెవరు?"

"పొయ్యి."

షెర్బీనీ పళ్లు కొరుక్కున్నాడు. హాజ్జా చెల్లెలి కొడుకు బదవీ వైపు తిరిగాడు. "నువ్వు?"

"ఒడ్డున పడవకి రంగేస్తున్నా బాషా. ఇదుగో!" అతని పొడుగు చొక్కా, గలాబియా, చేతిమీద అరచేతంత ఆకుపచ్చ మరక.

రంగులవాడి బట్టమీద మరకని ఆ ఊళ్లో ఎవడు పట్టించుకుంటాడు? షెర్బీనీ కూడా పట్టించుకోలేదు.

మూడోసారి కర్కదే గ్లాసెత్తాడు. మూడోసారీ హాజ్జా ఏడుపందుకుంది. విసుగెత్తి గ్లాసుని పక్కనున్న తొట్టిలో కుమ్మరించాడు. అందులో బట్టలసోడా నీళ్లున్నాయి.

ఎర్రనీళ్లు ఆకుపచ్చగా మారిపోయాయి.

షెర్బీనీ చూపు తొట్టిలోంచి బదవీ చేతిమీదికి పోయింది. "నగాత్, నిమ్మకాయ!"

"ఒక్కటే మిగిలింది బాషా."

"తే. బదవీ, చెయ్యి చాపు. ఎండలో పనిచేసినవాడి చొక్కా చెయ్యి ఇంకా తడిగా ఉందేంరా?"

కాయ కోసి మరకమీద పిండాడు. ఆకుపచ్చ మెల్లగా ఎర్రబడింది. ఒట్లన్నీ ఆగిపోయాయి.

"ఈ రంగుకి రెండు రూపాలు. ఎరుపొకటి, ఆకుపచ్చొకటి. రెండూ తక్కెడలో ఉన్నట్టే. పులుపు పెరిగితే ఎరుపువైపు మొగ్గుతుంది. సోడా ఆ పులుపుని మింగేస్తే ఆకుపచ్చవైపు. మళ్లీ పులుపు పోశాను, వెనక్కొచ్చింది. పడవరంగు అట్లా వెనక్కి రాదురా! మరక పోతుందని ఈ తొట్టిలోనే ఉతికావు కదూ?"

బదవీ తల దించుకున్నాడు. "పోలేదు బాషా. ఆకుపచ్చైంది. ఇంకా మంచిదే అనుకున్నా."

ఐదూ ఇరవై ఐదుకి గాజులు రంగుడబ్బా అడుగున దొరికాయి.

హాజ్జా నేలచూపులు చూస్తూ, "రేపు పెళ్లికి నువ్వే పొయ్యాలే నగాత్," అంది.

"చూస్తాన్లెండి."

షెర్బీనీ బల్లమీద కూలబడ్డాడు. "ఇప్పుడైనా ఒక్క గ్లాసు పొయ్యమ్మా. కాస్త నిమ్మకాయ పిండి."

"ఉన్న ఒక్క కాయా వాడి చేతిమీద పిండేశారు కదా బాషా!"