నీలం, నలుపు, ఆకుపచ్చ

"ఇంట్లో పెళ్ళాన్ని పెట్టుకుని, రోజూ ఇక్కడికొచ్చి నా ముందు ఇకిలిస్తారా? సిగ్గుగా లేదూ?"

స్టేషనరీ కొట్టు అమ్మాయి ఆ మాట అనేసరికి నా చేతిలో గొడుగు కింద పడింది. బయట వాన. లోపల అంతకన్నా పెద్ద వాన.

"పెళ్ళామా? నాకా? ఎవరండీ ఆవిడ?"

"అదీ నన్నే అడుగుతున్నారా!"

ఒట్టు, నాకు పెళ్ళి కాలేదు. నేను పెళ్ళాడాలనుకున్న ఒకే ఒక్క అమ్మాయి కౌంటరు వెనకాల నిలబడి, జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, నన్ను చూపులతో కాల్చేస్తోంది.

నేను రచయితని. అంటే, నోట్‌బుక్కులు కొంటూ ఉంటాను. అట్ట గట్టిగా ఉంటే ఒకటి, గీతల్లేకపోతే ఒకటి, మధ్యలో రిబ్బను వేలాడుతుంటే రెండు. ఇంట్లో మొత్తం నూట అరవై నాలుగున్నాయి. ఒక్కదాంట్లోనూ ఒక్క అక్షరం లేదు. అంత అందమైన మొదటి పేజీని నా రాతతో పాడు చెయ్యడానికి చెయ్యి రాదు. మా అక్కయితే నన్ను పేరు పెట్టి పిలవడమే మానేసింది. "ఒరే తెల్లకాగితం, భోజనానికి రా" అంటుంది.

కానీ ఈ కొట్లో కౌంటరు మీద ఒక చవకరకం ప్యాడ్ ఉంటుంది, పెన్ను గీసి చూసుకోవడానికి. దాన్నిండా పిచ్చిగీతలు, సున్నాలు, ఎవరెవరివో సంతకాలు. ఆ గందరగోళం మధ్య మాత్రం నా చెయ్యి పరుగులు తీసేది. రోజూ సాయంత్రం ఆ అమ్మాయి ఏ పెన్ను చేతిలో పెడితే దాంతో 'నేను' అంటూ సాగే ఒకే కథలో ఇంకో పేజీ రాసేసి, "పెన్ను బాగుందండీ, ఒక నోట్‌బుక్ ఇవ్వండి" అని వచ్చేసేవాణ్ణి. నాలుగు నెలలుగా నేను చెప్పాలనుకున్నది అది కాదు. నోటికి మాత్రం అదే వచ్చేది.

ఆ అమ్మాయి మూడు ఫైళ్ళు తెచ్చి దబ్బున కౌంటరు మీద పడేసింది. నీలం, నలుపు, ఆకుపచ్చ. తెరిచి చూస్తే నా కథే. చెత్తబుట్టలోకి పోయిందనుకున్న ప్రతి కాగితమూ, ఏ రంగు సిరాతో రాసింది ఆ రంగు ఫైల్లో, మడత పడకుండా ఉంది.

"నిన్న సెలవు కదా అని మొత్తం చదివాను. నీలం ఫైల్లో మీ పెళ్ళి. నలుపులో ఆవిడతో పోట్లాట, ఇక మొహం చూడనని శపథం. ఆకుపచ్చలో..." ఆ ఫైలు మీద వేలితో కొట్టింది. "ఆకుపచ్చలో పెన్నుల కొట్లో ఇంకో అమ్మాయి తగిలింది. జుట్టులో పెన్సిలు పెట్టుకుంటుందట! అప్పటిదాకా కథే అనుకున్నాను."

ఈ అమ్మాయి ఇలాగే నమ్మితే నేను జన్మలో ఈ గుమ్మం తొక్కలేను.

"ఒక్క నిమిషం. నీలం ముందెందుకు చదివారు?"

"మా కొట్లో అన్నింటికీ అదే వరస. ఎక్కువ అమ్ముడయ్యే రంగు ముందు."

"నేను రాసిన వరస అది కాదండీ బాబూ! మొదట్లో మీరు నాకు ఆకుపచ్చ పెన్నులే ఇచ్చారు, ఎవరూ కొనట్లేదని. తర్వాత నలుపు. నీలం ఇచ్చింది పోయిన నెల నుంచే. అటునుంచి చదవండి. ముందు పరిచయం, తర్వాత పోట్లాట, చివర్లో పెళ్ళి. మూడింట్లోనూ ఒకే అమ్మాయి!"

ఆమె ఆకుపచ్చ ఫైలు ముందుకు లాగింది. నాలుగు కాగితాలు తిప్పేసరికి చెవులు ఎర్రబడ్డాయి.

వెనక అరల దగ్గర స్టూలు మీద కూర్చుని అట్టపెట్టెలు సర్దుతున్న వాళ్ళ నాన్న దగ్గాడు.

"నేను ఆకుపచ్చ నుంచే చదివానమ్మా. పైన ఉంది కదా అని."

"నాన్నా! మరి నాకెందుకు చెప్పలేదు?"

"కథ ముందే చెప్పేస్తే ఏం బావుంటుంది? అబ్బాయి మంచివాడే. నోరే లేదు." ఆయన మళ్ళీ పెట్టెల్లో తల దూర్చేశాడు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "ఇంతకీ ఈ చిత్తుకాగితాలన్నీ ఎందుకు దాచారు? అందరివీ దాస్తారా?"

ఆమె రబ్బర్ల డబ్బా వైపు చూసింది. వాన వైపు చూసింది. చూడటానికి ఇంకేమీ మిగలక నావైపు చూసింది.

"మీవే దాచాను."

నా గుండె ఒక లైను వదిలేసి కొట్టుకుంది. నోరు తెరిచాను. "ఒక నోట్‌..."

"నోట్‌బుక్ అన్నారంటే ఊరుకోను!"

గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. "మీరంటే నాకు చాలా ఇష్టం. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

వెనకాల పెట్టెల చప్పుడు ఆగిపోయింది. ఆ అమ్మాయి నీలం ఫైలు తీసుకుని, పెళ్ళి సీను వెతికి పట్టుకుని, పెన్నుతో ఒక వాక్యం కొట్టేసి కాగితం నావైపు తిప్పింది.

"ఇక్కడ పెళ్ళికూతురు ఏడ్చిందని రాశారు. నేను ఏడవను. మార్చండి."