రాతిగొడ్డలి లోపలి రంగు

టేబుల్ మీద ఐదు రాతిముక్కలు. నిన్నటిదాకా అవన్నీ కలిసి ఒక్క చేతిగొడ్డలి. లక్షల ఏళ్ల నాటిదని పేపర్లన్నీ ఫోటో వేసిన గొడ్డలి.

కంబదూరు బయట తవ్వకాల క్యాంపు. ఉదయం ఏడు. ఎస్.ఐ. రెబెకా ఇంకా కూర్చోనైనా లేదు.

"ఈ కూలిదాని సంచిలో దొరికాయి," అన్నాడు ప్రొఫెసర్ జాయ్. "వజ్రకరూరు మనిషి కదా! లోపల వజ్రం ఉందని పగలగొట్టింది. పదింటికి ఈ గొడ్డలిని పరీక్షించడానికి ఢిల్లీ నిపుణులు వస్తారు. ఆలోగా ముక్కలు సీల్ చేసి పట్టుకెళ్లండి."

అక్కమ్మ గుడ్లనీరు కుక్కుకుంటూ నిలబడింది. "నాకేం తెల్దు మేడమ్. సంచి ఈడ పెట్టి మట్టి మోస్తాంటి. నేను జైలుకు పోతే నా మనవరాలికి దిక్కెవరు?"

'కూలిదాని' అన్న మాటకే రెబెకాకు ఒళ్లు మండింది. రెబెకాదీ వజ్రకరూరే.

"మా ఊళ్లో వాన పడినాక చేలల్లో పైపైన ఏరుకుంటారు సార్. వజ్రం కోసమని రాళ్లు పగలగొట్టరు. సరే, చేతిగొడ్డలని ఎట్ల తేలుస్తారు?"

"రెండు వైపులా చెక్కి, బాదంగింజ ఆకారంలో ఉండాలి. ఒక్క అంచే చెక్కితే గీకుడురాయి."

"ఆకారం సరే. రంగో?"



రెబెకా పక్కనున్న ట్రేలోంచి, తవ్వకాల్లో దొరికిన ఇంకో గొడ్డలి తీసింది. చెక్కిన గుంటలన్నీ ముదురు గోధుమరంగు. తవ్వేటప్పుడు పలుగు తగిలి పెచ్చు ఎగిరిన చోట మాత్రం తెలుపు.

టేబుల్ మీది ముక్కను తడి రుమాలుతో తుడిచింది. ఎర్రమట్టి ఊడొచ్చింది. చెక్కిన చోటా, విరిగిన చోటా ఒకటే తెలుపు.

"పాతదైతే చెక్కిన చోట రంగు ముదిరేది. ఈమధ్యే చెక్కిన రాయి ఇది. కనిపెట్టింది ఎవరు?"

"నేనే..."

"నిపుణులు చూస్తే బండారం బయటపడేది. కేసు పెడితే ముక్కలు మా స్టేషన్ బీరువాలో పడుంటాయి, ఎవరి చేతికీ పోవు. అందుకే పదిలోపల సీల్ వేయమని తొందర. మీరే పగలగొట్టి సంచిలో వేసినారు, దొంగగా ఈమె దొరికింది."

జాయ్ గొంతు తగ్గించాడు. "మేడమ్, ముప్పై ఏళ్ల పేరు నాది. ఆమెకైతే వారంలో బెయిల్ వచ్చేది. ఎవరడుగుతారు?"

రెబెకా దొంగల్ని చూసింది, హంతకుల్ని చూసింది. ఇంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

"దినామూ నా రొట్టె అడిగి తింటివి కదప్పా!" అంది అక్కమ్మ. "థూ!"

"మీకూ వారంలో వస్తాదిలే సార్ బెయిల్," అంది రెబెకా. "జీపెక్కండి."