చెంచా ముక్కు పిట్ట

"లేని పిట్టని చెక్కలేనండీ," అన్నాడు తాతారావు, కాగితం తిరిగిచ్చేస్తూ.

పెడనలో కలంకారీ అచ్చులు చెక్కడం అతని పని. కాగితం మీద పిచ్చుకంత పిట్ట. ముక్కు చివర మాత్రం చెంచాలా వెడల్పు.

"ఉంది. నేను చూశాను," అంది రత్నకుమారి. ఊరు పెడనే అయినా, నాగాయలంక బళ్ళో టీచరుగా చేస్తోంది. పంతొమ్మిది వందల అరవై రెండు చలికాలంలో, బురద మేట మీద ఆ పిట్టని ఒక్కసారి చూసింది. చెబితే పిల్లలు నవ్వారు. ముక్కుకి బురద అంటుకుని ఉంటుందన్నారు హెడ్మాస్టరు. అందుకే గుడ్డ మీద అద్దించి బళ్ళో పెట్టాలని పట్టుదల.

"చెంచా దేనికండీ? పులుసు కలుపుకోవడానికా?"

"ఆదివారం నాగాయలంక రండి. దాన్నే అడుగుదురుగాని."

వెళ్ళాడు. ఆమె తల్లి శేషమ్మ గొడుగు వేసుకుని పడవలో తోడొచ్చింది. మడచెట్లు దాటేసరికి ఆటుకి నీళ్ళు వెనక్కి తీశాయి. ఎక్కడెక్కడి నుంచో వలస వచ్చిన ఉల్లంకి పిట్టలు వందల కొద్దీ బురదలో దిగాయి.

"కనబడిందా?" అంది రత్నకుమారి, సాయంత్రం.

"లేదండీ. వచ్చే ఆదివారం చూద్దాం."

అలా నాలుగు ఆదివారాలు గడిచాయి. ఒక్క ఈకకి ఎన్నిసార్లు ఉలి ఆడించాలో ఆమె అడిగేది. ఇన్ని పిట్టల్లో ఒకదాన్ని ఎలా గుర్తుపడతారని అతనడిగేవాడు.

నాలుగోసారి ఆమె గొంతు తగ్గిపోయింది. "బురదే అయివుంటుంది. మిమ్మల్ని అనవసరంగా తిప్పాను. ఇక రాకండి."

తాతారావు తల దించుకుని సంచీలోంచి టేకు అచ్చు తీసి ఇచ్చాడు.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నేను గీసింది నిలబడ్డ పిట్ట. ఇది తల దించి, ముక్కుతో బురద కలుపుతోంది. ఇది మీకెలా తెలుసు?"

"చూశాను. మొదటి ఆదివారమే."

"మూడు వారాలు నా కళ్ళనే అనుమానించుకున్నాను."

"తప్పేనండీ. చెప్పేస్తే మళ్ళీ రావడానికి వంక ఉండదనిపించింది."

ఆమె అచ్చుని ఒళ్ళో పెట్టుకుంది. "రేపు బడికొచ్చి, చూశానని అందరి ముందూ చెప్పండి."

"చెబుతాను. ఆ తర్వాత..."

"ఆ తర్వాత మీ నాన్నని ఓసారి రమ్మను బాబూ," అంది శేషమ్మ గొడుగు కిందనుంచి. "పెద్దవాళ్ళం మాట్లాడుకుంటాం."

రత్నకుమారి కాదనలేదు. "ఎక్కడ చూశారు?" అని మాత్రం అడిగింది.

అతను వేలు చూపించాడు. ఆమె లేచి వచ్చి అతని పక్కన కూర్చుంది. అక్కణ్ణించైతే బాగా కనబడుతుందట.