మేకపిల్లకు ఒక్క మార్కు

మధ్యాహ్నం గంట కొట్టగానే ఆరో తరగతి పిల్లలు భోజనం డబ్బాలు కూడా తెరవకుండా వెనక గోడ దగ్గరికి పరిగెత్తారు. అక్కడ వాళ్ల గోడపత్రిక ఉంది. అందులో కథలున్నాయి, బొమ్మలున్నాయి, టీచర్ స్వయంగా రాసిన మంచి మాటలున్నాయి. పాపం, వాటి వంక చూసిన వాళ్లు లేరు. అందరి కళ్లూ కుడివైపు అంటించిన అట్ట మీదే ఉన్నాయి.

ఆ అట్ట మీద వీడియో గేమ్‌ల పేర్లు, ఒక్కోదానికి పదికి ఎన్ని మార్కులో రాసి ఉంటాయి. మార్కులు వేసేది ఒకే ఒక్కతి. క్లాసంతా ఆమెను జడ్జి అంటారు. హాజరు పిలిచేటప్పుడు తప్ప అసలు పేరు ఎవరికీ గుర్తు రాదు. జడ్జి తొమ్మిది వేసిందంటే, ఆ గేమ్ కొనేదాకా ఇళ్లల్లో అమ్మానాన్నలకు మనశ్శాంతి ఉండదు. మూడు వేసిందంటే దాని పేరెత్తే నాథుడుండడు.

ఆ రోజు అట్ట అడుగున కొత్త పేరు చేరింది. మేకపిల్ల. పక్కన ఒకటి.

చివరి బెంచీలో కూర్చునే, అందరూ పొడుగు అని పిలిచే అబ్బాయి పగలబడి నవ్వాడు. ఆ ఒక్కటి మాత్రం ఎందుకు, సున్నా వేస్తే సరిపోయేదిగా అన్నాడు. అందరూ నవ్వారు. జడ్జి కూడా నవ్వింది.

నవ్వనిది గువ్వ ఒక్కతే. గువ్వది జడ్జి పక్క సీటు. గొంతు పెంచితే ఎదుటివాళ్లకు ఎక్కడ నొప్పి కలుగుతుందో అన్నట్టు మాట్లాడుతుంది, అందుకే ఆ పేరు వచ్చింది. ఆ గేమ్ గువ్వదే. ఆమె తన డబ్బా మూత తీసి, లోపలికి చూసి, మళ్లీ పెట్టేసింది.

అంతకు ముందు ఆదివారం గువ్వ ఆ గేమ్‌ను సంచిలో పెట్టుకుని జడ్జి ఇంటికి వచ్చింది. అది వాళ్ల నాన్న చిన్నప్పటిది. జడ్జి వాళ్ల హాల్లో గోడంత కొత్త టీవీ ఉంది. దాని వెనక తడిమి తడిమి ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు ఎలాగో గుచ్చారు.

వాగులో దుంగలు కొట్టుకొస్తుంటాయి. మేకపిల్ల ఒక దుంగ మీంచి ఇంకో దుంగ మీదికి గెంతుతూ అవతలి గట్టు చేరాలి. ఆట అంతే. ఉన్నది ఒక్కటే బటన్. ఆ పెద్ద టీవీలో మేకపిల్ల నాలుగు గచ్చు పలకలు అతికించినట్టు కనిపించింది. పైగా బటన్ నొక్కితే అది వెంటనే గెంతదు. గెంతాలా వద్దా అని కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, ఆ తర్వాత గెంతుతుంది. ఈలోగా దుంగ వెళ్లిపోతుంది, మేకపిల్ల నీళ్లలో పడుతుంది. ఎన్నిసార్లు ఆడినా అదే కథ.

"మా టీవీలో ఇలా ఉండదు," అంది గువ్వ మెల్లగా.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ మాట," అంది జడ్జి. "ఇదే టీవీలో మిగతా గేమ్‌లన్నీ బాగానే ఉన్నాయిగా."

జడ్జికి తన పద్ధతి మీద గట్టి నమ్మకం. ఏ గేమ్ అయినా అదే టీవీ, అదే సోఫా, అవే పది మార్కులు. పాతదని జాలి లేదు, కొత్తదని మోజు లేదు. అందరికీ ఒకే తూకం వేస్తే అన్యాయం ఎలా అవుతుంది?

ఆ సాయంత్రమే ఇంట్లో ఇంకో మార్కుల గొడవ జరిగింది. అన్నయ్యకు లెక్కల్లో డెబ్బై వచ్చాయని అమ్మ చెడామడా తిట్టింది. తాతయ్య కలగజేసుకుని, తన కాలంలో తనకు అరవై వస్తే వీధి వీధంతా చూడ్డానికి వచ్చిందని చెప్పాడు. అరవైకేనా అని అందరూ నవ్వారు. జడ్జి అందరికంటే గట్టిగా నవ్వింది. తాతయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

అట్ట మీద ఒకటి పడినప్పటి నుంచి గువ్వ ముభావంగా ఉండిపోయింది. అడిగితే జవాబు చెబుతుంది, అంతే. అలకలే అని జడ్జి పట్టించుకోలేదు. శుక్రవారం పక్క సీటు ఖాళీగా ఉంది. హాజరు పిలుస్తూ టీచర్ గువ్వ పేరు దగ్గర ఆగి, ఆ అమ్మాయి ఇక రాదని చెప్పింది. వాళ్ల నాన్న పనిచేసే బేకరీ మూతపడిందట. వేరే ఊళ్లో ఉన్న బాబాయి ఇంటికి వెళ్లిపోతున్నారట.

జడ్జికి ముందు కోపం వచ్చింది. పక్కన కూర్చునే తనకు ఒక్క మాటైనా చెప్పలేదు. తర్వాత, చెప్పాలనుకున్న రోజునే అట్ట మీద ఆ ఒకటి చూసిందేమో అనిపించింది. ఆ రోజంతా ఖాళీ సీటు వైపు చూడడానికి భయపడింది.

శనివారం అమ్మ టీవీ వెనక దుమ్ము దులుపుతుంటే పసుపు వైరు దొరికింది. ఆదివారం తీయడం మరిచిపోయారు. అది లేకపోతే తెర మీద బొమ్మ రాదు. అంటే ఇన్నాళ్లూ గువ్వ వాళ్లింట్లో మేకపిల్ల ఆడనే లేదు. వైరు ఇమ్మని గువ్వ అడగనూ లేదు. జడ్జి దాన్ని చుట్టచుట్టి జేబులో పెట్టుకుని బయల్దేరింది.

గువ్వ వాళ్ల వాకిట్లో చిన్న ట్రక్కు ఉంది. పరుపులు, గిన్నెల మూటలు, కుర్చీలు దాని నిండా తాళ్లతో కట్టి ఉన్నాయి. లోపల గోడల మీద పటాలు తీసేసిన చోట తెల్లటి మచ్చలు కనిపిస్తున్నాయి. ఖాళీ గదిలో మిగిలింది ఒక్కటే, నేల మీద పెట్టిన పాత డబ్బా టీవీ. దాని ముందు ఆ గేమ్ ఉంది. గువ్వ ఒక మూలన మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చుంది.

వైరు చూసి గువ్వ వాళ్ల నాన్న సంతోషించాడు. పాత సామాన్లవాడు ఇంకాసేపట్లో వస్తాడని, ఈలోగా ఇద్దర్నీ ఒక్క ఆట ఆడుకోమని తనే వైరు గుచ్చి పెట్టాడు.

జడ్జి నేల మీద కూర్చుంది. తెర మీద వాగు వచ్చింది. ఆ పాత గాజు మీద రంగులు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి, గచ్చు పలకలన్నీ మెత్తటి బొచ్చులా కనిపించాయి. ఆమె బటన్ నొక్కింది. మేకపిల్ల అప్పుడే గెంతింది. మళ్లీ నొక్కింది, మళ్లీ అప్పుడే గెంతింది. వేలికీ మేకపిల్లకూ మధ్య ఎవరూ లేరు. దుంగ, దుంగ, ఇంకో దుంగ. చూస్తూ ఉండగానే మేకపిల్ల అవతలి గట్టు ఎక్కి తోక ఊపింది. జడ్జికి తెలియకుండానే నోట్లోంచి నవ్వు వచ్చింది. ఆ వెంటనే అట్ట మీద తను వేసిన ఒకటి గుర్తొచ్చింది.

వెనక నుంచి గువ్వ వాళ్ల నాన్న కూడా చూస్తున్నాడు.

"ఈ టీవీనీ గేమ్‌నూ ఒళ్లో పెట్టుకునైనా తీసుకెళ్దామనుకున్నానమ్మా," అన్నాడు. "మా అమ్మాయే వద్దంది. క్లాసులో అందరూ నవ్వారంట. మీ క్లాసులో ఎవరో జడ్జి ఉందంటగా, ఆ అమ్మాయి ఒక్క మార్కే వేసిందంట."

జడ్జి గువ్వ వైపు చూసింది. గువ్వ తల వంచుకుంది. ఆ జడ్జి ఎవరో ఆమె ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు కూడా చెప్పేలా లేదు. జడ్జి నోరు మూసుకుని లేచి వెళ్లిపోతే ఎవరికీ ఏమీ తెలియదు.

"ఆ జడ్జిని నేనే అంకుల్," అంది. "మా టీవీలో ఇది ఆలస్యంగా గెంతింది. గువ్వ చెప్పింది, నేను వినలేదు. మద్దెల నిజంగానే ఓడు అంకుల్. నా మద్దెలే ఓడు. టీవీని కూడా తీసుకెళ్లండి."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని జడ్జికి అనిపించింది. ఆయన కిటికీలోంచి ట్రక్కు వైపు చూశాడు.

"మొన్న చెప్పుంటే ఎక్కడో ఓచోట సర్దేవాణ్ణి తల్లీ. ఇప్పుడు బండిలో అంగుళం చోటు లేదు. అక్కడ మాకున్నది కూడా ఒక్క గదే."

పాత సామాన్లవాడు వచ్చాడు. టీవీని భుజానికెత్తుకుని తన బండిలో ఇనప రేకుల పక్కన పెట్టాడు. గువ్వ గేమ్‌ను, మూడు వైర్లను తువ్వాలులో చుట్టి బడి సంచిలో పెట్టుకుంది.

"ఎక్కడైనా ఇంకో డబ్బా టీవీ దొరుకుతుందేమో చూస్తాను," అంది. దొరుకుతుందన్న నమ్మకం ఆ గొంతులో లేదు. ట్రక్కు కదిలినప్పుడు చెయ్యి మాత్రం ఊపింది. ట్రక్కు మలుపు తిరిగేదాకా జడ్జి అక్కడే నిలబడింది.

ఇంటికి వచ్చి తాతయ్య మంచం పట్టె మీద కూర్చుంది. ఆయన అరవై ఎక్కువా, అన్నయ్య డెబ్బై ఎక్కువా అని అడిగింది.

"నన్నడిగితే నాదే అంటాను. వాణ్ణడిగితే వాడిదే అంటాడు," అని తాతయ్య నవ్వాడు. మళ్లీ అన్నాడు, "ఆ పేపరూ లేదు, దిద్దిన మాస్టారూ లేరు, నాతోపాటు రాసినవాళ్లూ లేరు. అంకె ఒక్కటే మిగిలిందమ్మా. అది చూసి మీరంతా నవ్వారు."

జడ్జి ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

సోమవారం అందరికంటే ముందు బడికి వెళ్లి, అట్ట మీద ఒకటి కనబడకుండా తెల్లకాగితం అంటించింది. పది వెయ్యాలని మనసు లాగింది గానీ వెయ్యలేదు. కాగితం మీద ఇలా రాసింది: "నేను వేసిన మార్కు తప్పు. ఇది డబ్బా టీవీ కోసం చేసిన గేమ్. నేను వేరే టీవీలో ఆడి మార్కు వేశాను."

మధ్యాహ్నం పొడుగు తన అక్క చిన్నప్పటి గేమ్ ఒకటి తెచ్చాడు. అరచేతిలో పట్టే గేమ్ అది. తెర మీద బూడిద రంగు తప్ప ఏమీ కనబడడం లేదు. దీనికి సున్నా ఖాయమని, వెంటనే వేసెయ్యమని అన్నాడు. అప్పటికే అట్ట మీద దాని పేరు కూడా రాసేశాడు.

జడ్జి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీ అక్క దీన్ని ఎక్కడ కూర్చుని ఆడేది?"

పొడుగు బుర్ర గోక్కున్నాడు. మేడ మీద ఎండలో ఆడేదని, దీనికి లోపల లైటు ఉండదని అక్క చెప్పిందన్నాడు.

జడ్జి గేమ్ పట్టుకుని బయటికి నడిచింది. పిల్లలంతా వెనకాలే వచ్చారు. ఆకాశం నిండా మబ్బులు. తెర మీద ఇంకా బూడిద రంగే.

"చూశావా," అన్నాడు పొడుగు.

జడ్జి మెట్ల మీద కూర్చుంది. అలవాటు కొద్దీ పక్కన గువ్వకు చోటు వదిలి కూర్చుంది. చేతిలో ఉన్న పెన్సిల్‌ను పెన్సిళ్ల డబ్బాలో పెట్టి మూత వేసింది.

"ఇవాళ మార్కు వెయ్యను. ఎండ ఉన్న రోజు మళ్లీ తీసుకురా," అంది.

ఎండ ఆ రోజు రాలేదు. అట్ట మీద ఆ గేమ్ పేరు పక్కన చోటు ఖాళీగానే ఉంది.