ఎవరూ చదవని వివరణ

సుహాసినిని నిన్న మధ్యాహ్నం నెల్లిమర్ల రైల్వే స్టేషన్లో కాల్చేశారు. అక్కడికి రమ్మని ఆవిడ కబురు పెట్టింది ఏజెంట్ ధర్మేంద్రకి. అతను వెళ్లలేదు. విదేశీ ముఠాలో ఉంటూ మనకు రహస్యాలు చేరవేసే డబుల్ ఏజెంట్, పైగా నల్లకళ్లద్దాల అందగత్తె. నమ్మేదెలా? ఉచ్చే అనుకున్నాడు. చావుకి ముందు ఆవిడ పంపిన మెసేజ్ ఒక్కటే ముక్క: "వివరణలు చదువు." ఫోను మీద నిఘా ఉంటే అంతకన్నా ఏం రాస్తుంది, పాపం!

ఉదయం తొమ్మిదికి విజయనగరంలో బ్రీఫింగ్. చీఫ్ లక్ష్మీనరసింహం మొహం పాలిపోయి ఉంది. సాయంత్రం తుఫాను తీరం దాటుతుంది. షెల్టర్లలో సైరన్లు నడిపేవి లినక్స్ కంప్యూటర్లు. పదకొండింటికి అన్నిచోట్లా అప్‌డేట్. అందులో నలభై మూడు ప్యాకేజీలు, అంటే చిన్న చిన్న ప్రోగ్రాములుంటే, ఒకటి ముఠా దూర్చిందని సమాచారం, ఏదో తెలీదు. అది ఎక్కిందా, సైరన్ మోగదు. తీరపు పల్లెల్లో జనం కదలరు.

"అప్‌డేట్ ఆపేద్దాం సర్," అన్నాడు ధర్మేంద్ర.

"కొత్త తుఫాను సిగ్నల్ సైరన్లకి అందేది కూడా దాంతోనే. ఆ ఒక్కటీ పట్టుకో."

షెల్టర్ కంప్యూటర్లోనే చూద్దామని, ఇన్వర్టర్ మెకానిక్ వేషంలో ధర్మేంద్ర భోగాపురం వైపు జీపెక్కాడు. ఒళ్లో లాప్‌టాప్. సుహాసిని చెప్పింది ప్యాకేజీల కింద రాసే వివరణల గురించే అనుకుని, నలభై మూడూ ఇంగ్లీషులో రెండుసార్లు చదివాడు. శక్తిమంతమైనదట, ఆధునికమైనదట, అందరికీ పనికొచ్చేదట! పెళ్లిళ్ల పేరయ్య వరుణ్ణి పొగిడినట్టు పొగడ్తే గానీ, ఫలానా పని చేస్తుందని ఒక్కడూ రాసి చావలేదు. మంచిదేదో, దొంగదేదో తేలలేదు. చచ్చిపోయిన మనిషిని మనసులో తిట్టుకున్నాడు.

పది యాభైకి షెల్టర్ చేరాడు. ఆపరేటర్ జగ్గమ్మ అప్‌డేట్ ఆపేసి, చేతులు కట్టుకుని కూర్చుంది. ఎందుకు ఆపావని అడిగాడు.

"ఏటి బాబూ, ఎక్కించొద్దని రాసున్నాది కదా. నానెందుకు ఎక్కిస్తాను?"

ఆమెకి ఇంగ్లీషు రాదు. స్క్రీనంతా తెలుగులో పెట్టుకుంది. ముప్ఫై ఒకటో ప్యాకేజీ కింద ఇలా ఉంది: "తుఫాను సిగ్నల్ వచ్చినప్పుడు ఇది సైరన్‌ని మోగనివ్వదు. ఇంకే పనీ చెయ్యదు. ఎక్కించుకోకండి." అనువాదం, సుహాసిని. తేదీ మూడు వారాల కిందటిది.

ముఠావాళ్లకి తెలుగు రాదు. వివరణల్ని తెలుగు చెయ్యమని సుహాసినికే ఇచ్చి, పొగడ్తే తర్జుమా చేసిందనుకున్నారు. మరి తమకేమొచ్చింది? చీఫ్‌దీ తనదీ ఇద్దరిదీ ఈ జిల్లానే. ఒక్కరూ తెలుగు బటన్ నొక్కి చూడలేదు. ధర్మేంద్ర సిగ్గుపడుతూనే ఫోను తీశాడు. నెంబరు చీఫ్‌కి చెప్పాడు. పది యాభై తొమ్మిదికి సర్వర్‌లోంచి ఆ ప్యాకేజీ తీసేశారు. మిగతావి పదకొండింటికి అన్నిచోట్లా ఎక్కాయి.

పన్నెండింటికి సైరన్ మోగింది. జనం పిల్లల్ని చంకనేసుకుని షెల్టర్‌కి వచ్చారు. సాయంత్రానికి ఇళ్లు పోయాయి గానీ మనుషులు మిగిలారు. ఆ జనం మధ్యలో కూర్చుని ధర్మేంద్ర ఏడ్చాడు. నిన్న స్టేషన్‌కి వెళ్లుంటే ఆవిడా బతికుండేదేమో.

మర్నాడు రిపోర్టు రాశాడు. సుహాసిని చేసిందంతా, తాము చేసిన తప్పంతా, తెలుగులో.

గంటలో చీఫ్ తిప్పి పంపాడు: "ఇంగ్లీషులో పంపు. ఇలా రాస్తే ఎవడు చదువుతాడు?"