తిమింగలం పొట్టలో గాలి

“నువ్వు చదివింది చేపల చదువే కదా?” ఫైలు మూస్తూ అడిగాడు చీఫ్.

“మెరైన్ బయాలజీ సార్.”

“అదే. ఉద్యోగం దొరక్కే కదా మా దగ్గర తేలావు. ఇన్నాళ్లకి ఆ డిగ్రీతో పనిపడింది.”

ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో ఆమెను జలగ అంటారు, పట్టుకుంటే వదలదని. బ్రీఫింగ్ రెండు ముక్కల్లో ముగిసింది. మన సబ్‌మెరైన్ దారి కనిపెట్టడానికి విదేశీ ముఠా సముద్రంలో సౌండ్ రికార్డర్ వదిలింది. దాన్ని ఒక తిమింగలం మింగి, చచ్చి, ఒడ్డుకు కొట్టుకొచ్చింది. రికార్డర్ ముఠాకి చిక్కకూడదు.

“మీ అన్నయ్య ఆ సబ్‌మెరైన్‌లోనే ఉన్నాడు,” అన్నాడు చీఫ్ మెల్లగా.

యూనివర్సిటీ రిసెర్చర్ వేషంలో, రబ్బరు బూట్లతో ఒడ్డుకు చేరగానే జలగ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. ఎండకు ఉబ్బిన కళేబరం మీద ఈగలు ముసిరి ఉన్నాయి. పక్కనే సిల్కు స్కార్ఫుతో ఓ అందగత్తె నిలబడి ఉంది. సాయానికి వచ్చిన ఏజెంట్ ముత్యం. ఆ కంపులో ఆమె సెంటు మరీ రోతగా ఉంది.

“వల ఆరిందా?”

“ఎండ చాల్లేదు.”

తెలిసిన ముఖమే అయినా రూలు ప్రకారం జలగ అడిగిన కోడ్ సరిపోయింది. ఆమె వాచీలోని డిటెక్టర్ తిమింగలం పొట్ట దగ్గర కీచుమంది. జలగ సంచిలోంచి కత్తి, ట్యూబు తీసి తలెత్తేసరికి ముత్యం చేతిలో పిస్టల్ ఉంది. దూరంగా ముఠా స్పీడ్‌బోటు వస్తోంది.

“కత్తి ఇటివ్వు.”

“ఒకే క్యాంటీన్‌లో తిన్నాం కదే. మా అన్నయ్య ఆ సబ్‌మెరైన్‌లో ఉన్నాడని నీకు తెలుసు.”

“తెలుసు. కత్తి.”

జలగ ఆమెను అసహ్యంగా చూసింది. తిమింగలం చచ్చాక కుళ్లింది, ఈమె బతికుండగానే కుళ్లిపోయింది. జలగ కత్తి ఇచ్చేసింది.

“ముందు ట్యూబు గుచ్చి గ్యాస్ వదలాలి. లేకపోతే పేలుతుంది.”

“ఈ కథలు చిన్నపిల్లలకి చెప్పు.”

అబద్ధాల మీద బతికేవాళ్లకి నిజం చెబితే నమ్మబుద్ధి కాదు. క్లాసులో నేర్పినట్టే జలగ గాలి వచ్చే వైపుకు తప్పుకుంది. ముత్యం తిమింగలం పొట్టలో కత్తి దించింది.

ఢామ్మంది. స్కార్ఫు, సెంటు, పిస్టల్ అన్నీ పేగుల కింద కలిసిపోయాయి. ఆ జిగురులోంచి జలగ ముక్కు మూసుకుని రికార్డర్ ఏరుకుంది. వాంతి చేసుకుంటున్న ముత్యం చేతులకి బేడీలు వేయబోతే జారిపోయాయి, మళ్లీ వేయాల్సి వచ్చింది. జలగ వైర్‌లెస్‌లో పిలిచిన కోస్ట్‌గార్డ్ ముఠా బోటును చుట్టుముట్టింది.

వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు సవరించుకున్నాడు.

“మా అమ్మాయి కూడా ఆ కోర్సే చదువుతానంటోంది. ఉద్యోగాలొస్తాయంటావా?”

“వస్తాయి సార్. రిసెర్చ్, అక్వేరియం, ఫిషరీస్. ఏదీ రాకపోతే మనం ఉన్నాం. ముక్కు మాత్రం ఇంట్లో పెట్టి రమ్మనండి.”