రాగికుంట అర్జీ

ఓబులేసు మూడో వాక్యం ముగించకముందే గోడ మీది ఉక్తశోధిని పెట్టె మెత్తటి గొంతుతో "ఉక్తం" అంది. నాలుగో వాక్యానికీ అదే మాట, ఎవరో ఇదివరకే చెప్పేశారని. ఐదోది ఆయన చదవనే లేదు. కాగితం మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

గుండ్రంగా కూర్చున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు జాలిగా చూశారు. జాలి చూపులంటే ఓబులేసుకు ఒళ్లు మంట.

హార్సిలీ కొండ మీద ఏటా ఎండాకాలం మొదట్లో జరిగే శిబిరం అది. విజ్ఞాన కల్పనలు, అద్భుత కథలు రాయాలని ఉబలాటపడేవాళ్లు నాలుగు వారాలు అక్కడే ఉండి, అక్కడే తిని, పొద్దున్నే ఒకరి కథను ఒకరు చీల్చి చెండాడుకుంటారు. కథ చదివినవాడు మౌనపీట మీద కూర్చోవాలి. అందరూ చెప్పడం అయ్యేదాకా నోరు మెదపకూడదు. కథ తన కాళ్ల మీద తాను నిలబడాలే గానీ రాసినవాడు పక్కన చేరి ఊతం ఇవ్వకూడదట. శోధిని పుట్టకముందు నుంచీ ఉన్న నియమం అది.

"అన్నా, ఏమనుకోకు," అన్నాడు కౌస్తుభ్. హైదరాబాదు కుర్రాడు, శిబిరంలో అందరికన్నా చురుకైనవాడు. "నీళ్లల్ల విషం, పిల్లలకు రోగం, పట్టించుకోని సర్కారు. శోధిని లెక్కల ఇది పదకొండు లక్షలసార్లు వచ్చింది. లోకనిర్మాణం గూడ పలచగున్నది. నీ రాగికుంట మామూలు ఊరి లెక్కనే ఉన్నది."

"అది మామూలు ఊరే," అన్నాడు ఓబులేసు.

శిబిరం నడిపే దమయంతి పెదవుల మీద వేలు పెట్టింది. పేరున్న రచయిత్రి, మాట నెమ్మది, పద్ధతి దగ్గర మాత్రం గట్టి మనిషి.

"ఏంది మేడమ్ నోరు మూసుకునేది?" ఓబులేసు పీట మీంచి లేచాడు. "పదకొండు లక్షలసార్లు చెప్పినారంటే కత పాతదయినట్లా? పదకొండు లక్షలసార్లు ఎవురూ వినలేదని కదా దానర్థం."

గోడ మీది పెట్టె "ఉక్తం" అంది.

ఆ పెట్టెను మొదట అర్జీ కార్యాలయాల కోసమే తయారుచేశారు. ఒకే బాధను పదిమంది చెప్పుకుంటే అధికారుల కాలం వృథా అవుతుందని, ఒకసారి చెప్పిన మాటను మళ్లీ ఎవరు చెప్పినా 'ఉక్తం' అని మూసేసే ఏర్పాటు చేశారు. మొదట చెప్పినవాడి పని జరిగిందా లేదా అన్నది దానికి అక్కర్లేదు. కొత్త మాటైతే 'నవం' అంటుంది, అప్పుడే అధికారి కదులుతాడు. కార్యాలయాల్లో దస్త్రాలు మాయమైపోయేసరికి సర్కారు మురిసిపోయింది. ఆ తర్వాత ప్రచురణకర్తలు కొన్నారు, సినిమావాళ్లు కొన్నారు, ఆఖరికి బడి గుమ్మాల్లోనూ ఆసుపత్రి గుమ్మాల్లోనూ బిగించారు. కడుపునొప్పి అన్న పిల్లవాడికి బళ్లో సెలవు లేదు, ఆసుపత్రిలో గుమ్మం దగ్గరే ఒక మాత్ర చేతిలో పెట్టి పంపేయడం. దొంగ కడుపునొప్పుల ఆట కట్టిందని పెద్దలు సంబరపడ్డారు. దాన్ని కనిపెట్టిన మహానుభావుడికి జన్మలో కడుపునొప్పి వచ్చి ఉండదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర దమయంతి ఓబులేసు ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మీరు కోపం తెచ్చుకున్నందుకు కాదు గానీ ఒకటి అడుగుతాను. మీకు కథలంటే ఇష్టం ఉన్నట్టు లేదు. మరి ఇక్కడికి ఎందుకొచ్చారు ఓబులేసు గారూ?"

"నాకు కతలెందుకు మేడమ్. నాది ఇడ్లీల హోటలు," అన్నాడు ఓబులేసు సంగటి ముద్ద చిదుపుతూ. "మా ఊరికి ఎగువన బ్యాటరీల ఫ్యాక్టరీ పెట్టినారు. దాని మడ్డి గుంటలోకి వదుల్తారు. గుంట మా బోర్లలోకి దిగినాది. పిల్లోల్ల చిగుళ్లు నల్లగయితాండాయి, కడుపులు పట్టుకుని మెలికలు తిరుగుతాండారు. నా బిడ్డ సుంకులమ్మకు ఎనిమిదేండ్లు, ఆ పాపకూ మొదలయినాది. నేనూ మా ఊరోళ్లూ ఎన్ని అర్జీలు పెట్టినామో. అన్నిటికీ ఉక్తమే. చెవిటోని ముందర శంఖం ఊదినట్ల. కొత్తగా చెప్పేది యాడ నేర్పిస్తారని అడిగితే, ఈ కొండ చూపించినారు."

దమయంతి చేతిలోని గ్లాసు కింద పెట్టింది. ఆమె ముఖం ఎర్రబడింది. ముప్ఫై ఏళ్లుగా కథలు రాస్తున్న మనిషి, ఒక కథ ఇంత పని చేయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. సిగ్గేసింది, ఒళ్లు మండింది కూడా.

"రాద్దాం. అందరం కలిసి రాద్దాం. ఆ పెట్టె చేత నవం అనిపించకపోతే నేనీ శిబిరం మూసేసుకుంటాను."

అన్నట్టే అందరూ పనిలో దిగారు. అంతకుముందు ఏ శిబిరంలోనూ అంత పట్టుదలగా పని జరగలేదు. గ్రహాంతర యుద్ధాలు పక్కన పెట్టి కౌస్తుభ్ రాగికుంట మీద పడ్డాడు. ఊరి కింద నిద్రపోయే ఇనుపపామును కల్పించింది వాడే. ఆ పాము కలలో నాలుక చాపితే పైన పిల్లల నవ్వులు నల్లబడతాయి. "అన్నా, ఇదైతే ఎవ్వడూ చెప్పలే," అని గంతులు వేశాడు.

వాక్యం రాయడం, పెట్టెకు వినిపించడం, ఉక్తం అంటే కొట్టేయడం. మొదట 'విషం' పోయింది. 'ఫ్యాక్టరీ' పోయింది. 'కడుపునొప్పి' సంగతి సరేసరి. ఇంత చేసినా శోధిని ఒకచోట మొండికేసింది. 'నీళ్లు' అన్న మాట తగిలితే చాలు, ఉక్తం. దమయంతి దాన్ని కూడా కొట్టేసింది.

ఓబులేసు నసిగాడు. "మేడమ్, ఇదంతా నీళ్ల సంగతే కదా."

"చదివినవాళ్లకు అర్థమవుతుంది. అన్నీ విప్పి చెప్పకూడదు ఓబులేసు గారూ. చదివేవాళ్లను నమ్మాలి."

నమ్మాడు. పెద్ద చదువులు చదివినవాళ్లు, తనకోసం నిద్ర మానుకుని పనిచేస్తున్నవాళ్లు చెబితే నమ్మక ఏం చేస్తాడు.

రోజూ సాయంత్రం సుంకులమ్మ ఫోన్ చేసేది. ఓబులేసు ఆ రోజు రాసింది వినిపించేవాడు. పాపకు పాము తెగ నచ్చింది. "దానికి పేరు పెట్టినావా నాయనా?" అని అడిగేది. బళ్లో కడుపు నొస్తాందంటే టీచరమ్మ పెట్టె వైపు చూపించిందని ఒకరోజు ఏడ్చింది.

"నొస్తాందంటే ఎవురూ వినరమ్మా," అన్నాడు ఓబులేసు. "నాకూ ఈడికొచ్చినాకే తెలిసినాది. వేరేగా చెప్పల్ల. ఎవురూ చెప్పనిది చెప్తే, అప్పుడు వింటారు."

"అట్లనా," అంది సుంకులమ్మ ఆలోచిస్తూ.

మూడో వారం చివర ఆ కథే అర్జీగా కార్యాలయానికి వెళ్లింది. మర్నాడు సాయంత్రం అందరూ టీ తాగుతుండగా జవాబు వచ్చింది. నవం. అధికారి స్వయంగా రాగికుంట వెళ్లి విచారిస్తాడు.

కౌస్తుభ్ ఓబులేసును ఎత్తి గిరగిరా తిప్పాడు. దమయంతి కళ్లు తుడుచుకుంది. ఎవరో వంటింట్లోంచి బెల్లం తెచ్చి పంచారు. ఏళ్ల తరబడి కుక్కలకు చెప్పుకున్నా ఇంతకన్నా ఆలకించేవని తిట్టుకున్న ఓబులేసు, ఆ పూట ఆ పెట్టెకు దండం పెట్టినంత పని చేశాడు. సరిగ్గా అప్పుడే సుంకులమ్మ ఫోన్ వచ్చింది.

"నాయనా, నా కడుపులో ఎర్రచీమలు పెండ్లి చేసుకుంటాండాయి."

ఓబులేసు నవ్వాడు. ఫోన్ అందరికీ వినబడేలా పెట్టాడు. "ఉండండి, నా బిడ్డ కత చెప్తాండాది."

"పెండ్లికి డోలు కొడతాండారు నాయనా. ఈ కుడిపక్క కొడితే ఈపుదాంకా ఇనపడతాండాది. ఆపమంటే ఆపల్యా. దీపాలు కూడా పెట్టినారు, కాల్తాండాది."

గోడ మీంచి శోధిని "నవం" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. "ఎనిమిదేళ్ల పిల్ల," అంది దమయంతి ఆశ్చర్యంగా. ఓబులేసుకు ఛాతీ పొంగింది. "బాగుండాది పాపా. పెండ్లి అయినాక ఏమయితాదో, అది కూడా ఆలోచించి చెప్పు. ముగింపు ఉండల్ల కదా."

"సరే నాయనా," అంది సుంకులమ్మ.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి గోడ తెర మీద అధికారి ముఖం కనబడింది. నున్నగా దువ్విన తల, విసుగు మొహం.

"రాగికుంట అర్జీదారు ఎవరు? మీ అర్జీ ప్రకారం ఊరి కింద ఇనుపపాము ఉండాలి. ఊరంతా గాలించాం. భూమిలోకి ధ్వనిపరీక్ష కూడా చేయించాం. పాము లేదు. అబద్ధపు అర్జీ కింద మూసేస్తున్నాం."

ఓబులేసుకు ముందు అర్థం కాలేదు. "పాము యాడుంటాది సామీ? నీళ్లు చూసినారా?"

"నీళ్ల ప్రస్తావన అర్జీలో లేదు."

"లేకపోతే? ఊర్లోకి పోయినారు కదా. పిల్లోల్ల నోర్లు చూల్యా? ఒక గ్లాసు నీళ్లు ముంచి చూల్యా?"

"మా నీళ్లు మేము తీసుకెళ్లాం," అన్నాడు అధికారి. "రాగికుంట నీళ్లు తాగడానికి పనికిరావని అందరికీ తెలిసిందే కదా. ఇకమీదట ఇలాంటివి సాహిత్య విభాగానికి పంపుకోండి."

తెర ఆరిపోయింది. ఓబులేసు చేతికి అందిన స్టీలు గ్లాసు తీసి శోధిని మీదికి విసిరాడు. "నీ తల పండు పగల. నీ పాడె కట్ట." గ్లాసు తగిలి పెట్టె అద్దం చిట్లింది. చిట్లిన అద్దం వెనక నుంచి "ఉక్తం" అంది. ఆ తిట్లూ దానికి కొత్త కాదు.

"నీళ్లు తీసేయమనింది ఎవురు?" ఓబులేసు దమయంతి వైపు తిరిగాడు. "చదివేటోళ్లను నమ్మమంటిరి. వాడు చదివినాడు. ఒక్కొక్క అక్షరం చదివినాడు, నా కొడుకు."

దమయంతి ఏదో అనబోతుండగా ఓబులేసు ఫోన్ మోగింది. భార్య మారెక్క.

"పాప బడికాడ పడిపోయినాది. మదనపల్లె ఆస్పత్రికి తెచ్చినా. నువ్వు రా."

"ఏమయినాది?"

"నన్నడుగుతాండావా? నిన్న సాయంత్రమే నాయనకు చెప్పినా అంటాండాది. నాకెందుకు చెప్పలేదే అంటే, నాయన బాగుందన్నాడు, ఇంగా బాగా చెప్పమన్నాడు, ఆలోచిస్తాండా అంటాది. ఏం చెప్పినాది నీకు? నువ్వేమన్నావు?"

ఆయన చుట్టూ నిలబడ్డవాళ్లందరికీ ఆ ప్రశ్న వినబడింది. కౌస్తుభ్ తల వంచుకున్నాడు.

సంచి సర్దుకోవడానికి కూడా ఆగకుండా ఓబులేసు గుమ్మం దిగాడు. దమయంతి వెనకే వచ్చింది. "నేనూ వస్తాను. ఓబులేసు గారూ, ఇలా అవుతుందని మేము ఊహించలేదు..."

"ఊహించల్యా," అన్నాడు ఓబులేసు ఆగి. "అదే కదా మేడమ్ మీ పని. రేపు ఏమయితాదో ఊహించేది. నా బిడ్డ మంట అని అరుస్తాంటే మీరందరూ చప్పట్లు కొడితిరి." తన అరచేతులు చూసుకున్నాడు. "మీకంటే ముందర నేను కొట్టినా. నన్ను ఏ చెప్పుతో కొట్టల్ల?"

ఆమె అక్కడే నిలబడిపోయింది. ఓబులేసు దొరికిన బండి ఎక్కి కొండ దిగాడు. దారి పొడవునా పాప చెప్పిన మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కుడిపక్క డోలు. ఈపుదాకా వినబడే చప్పుడు. కాల్చే దీపాలు. డాక్టరు అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు అందులోనే ఉన్నాయి, తనకే చెవులు లేకపోయాయి.

ఆసుపత్రిలో మారెక్క ఆయన ముఖం చూడలేదు. మంచం పక్కన నిలబడ్డ డాక్టరమ్మ మాత్రం ఓబులేసును చూడగానే దగ్గరికొచ్చింది.

"తండ్రి మీరేనా? పాప గుమ్మంలో ఏవో చీమల పెళ్లి అని చెప్పిందంట. పెట్టె నవం అంది గానీ, దానికి సరిపోయే రోగం లేదని పిల్లల వినోదం గదిలో కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాకా నా దగ్గరికి రానేలేదు. ఇప్పుడు నొప్పి ఎక్కడ మొదలైందో, ఎక్కడికి పాకిందో తెలియాలి. అడిగితే పలకడం లేదు. మీరడగండి, త్వరగా."

ఓబులేసు మంచం మీద కూర్చుని పాప చేయి పట్టుకున్నాడు. చేయి కాలిపోతోంది. పెదవులు ఎండిపోయి, చిగుళ్లు నల్లగా కనబడుతున్నాయి.

"సుంకీ, కతలు వద్దమ్మా. కొత్తగా చెప్పొద్దు. యాడ నొస్తాందో మామూలుగా చెప్పు తల్లీ. నేను వింటా."

సుంకులమ్మ కళ్లు తెరిచింది. ఆయన్ని చూసి నవ్వబోయింది, నొప్పికి ముఖం ముడుచుకుపోయింది. గది మూలన గోడకు ఉన్న చిన్న పెట్టె వైపు ఒకసారి చూసింది. మళ్లీ తండ్రిని చూసింది.

"ఉండు నాయనా," అంది మెల్లగా. "ముగింపు ఇంకా దొరకల్యా. మంచిది ఆలోచిస్తాండా."